యజమాని చేతికి అలసట పట్టీ

“అమ్మో, నడుం విరిగిపోతోంది! ఆపండమ్మా, ఆపండి!”

ఏసీ గదిలో, మెత్తటి కుర్చీలో కూర్చునే కేకలు పెట్టాడు బెందాళం నరసింగరావు. ఉద్దానంలో పేరున్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఆయనది.

ఎదురుగా ఉన్న సైంటిస్టు డాక్టర్ తబస్సుమ్ నవ్వు ఆపుకుంది. “డ్యూటీ మొదలై గంటే అయింది సార్.”

ఆ మెషిన్ సంగతి చెప్పాలి. చూడ్డానికి జత చేతి పట్టీలు, అంతే. ఒకటి పనిచేసే మనిషికి కడితే, కండరాల అలసటను సెన్సార్ కొలిచి సిగ్నల్‌గా పంపుతుంది. రెండోది కట్టుకున్నవాళ్ళకి సన్నటి కరెంటు నరాల గుండా పాకి, కూర్చున్నచోటే అంత అలసటా వచ్చేస్తుంది. ఎంత తెలివి చూడండి! తుఫానుకి కుదేలైన ఆ ప్రాంతంలో ఫ్యాక్టరీ మళ్ళీ నిలదొక్కుకోవడానికి సర్కారు సాయం కావాలంటే, యజమాని ఒక్కరోజు ఇది కట్టుకోవాలని షరతు.

నరసింగరావుకి సాయం కావాలి. మంచి సూపర్‌వైజరూ కావాలి. పప్పు గ్రేడింగులో తన దగ్గర పనిచేసే దమయంతిని మించినవాళ్ళు లేరని ఆయనకీ తెలుసు. అయినా, “ఆడవాళ్ళకిస్తే నిలబడరమ్మా. సైరన్ మోగడం ఆలస్యం, ఇంటికి పరుగే పరుగు. మగాడికే ఇస్తాను” అన్నాడు. అందుకే తబస్సుమ్ జత పట్టీ పట్టుకెళ్ళి దమయంతికే కట్టింది.

సాయంత్రం సైరన్ మోగింది. హమ్మయ్య అనుకున్నాడాయన. భుజాలు మాత్రం ఇంకా లాగేస్తున్నాయి.

“మీ మెషిన్ పాడైపోయిందమ్మా! డ్యూటీ అయిపోయింది కదా!”

తబస్సుమ్ ఫోన్ కలిపింది. “దమయంతీ, ఏం చేస్తున్నావ్?”

“బోరుకాడ నుంచి నీళ్ళు మోస్తన్నానమ్మా. తుఫానుకి మా ఈది కొళాయిలన్నీ పోనాయి గదా. ఇంకా వంట సెయ్యాల, అత్తకి తానం సేయించాల. ఏటమ్మా, బాబుగారు బాగున్నారా?”

బాబుగారు రెండు చేతులతో భుజాలు నొక్కుకుంటున్నారు.

మెచ్చుకోవాలి ఆ మనిషిని. తెల్లారేసరికి మొండితనం వదిలేశాడు. దమయంతిని సూపర్‌వైజర్‌ని చేశాడు. కార్మికుల వీధికి కొళాయిలు వేయించాడు, షిఫ్టు వేళలు మార్చాడు, ఫ్యాక్టరీలోనే పసిపిల్లలకో గది తెరిచాడు. మానేసిన ఆడవాళ్ళంతా తిరిగొచ్చారు. జారిపోతాయనుకున్న ఎగుమతి ఆర్డర్లు నిలబడ్డాయి. చుట్టుపక్కల యజమానులూ పట్టీలు అడిగి తీసుకెళ్ళారు. ఏడాది తిరిగేసరికి ఉద్దానం కోలుకుంది. ఇంత చిన్న పట్టీ అంత పని చేసిందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది!

యజమానుల సంఘం నరసింగరావుకి సన్మానం పెట్టింది. పట్టీ కట్టుకునే వేదికెక్కాలని అందరూ పట్టుబట్టారు. మరి జత పట్టీ ఎవరికి కట్టాలి? దమయంతికి కడితే నలుగురిలో చతికిలబడాల్సిందే. బాగా ఆలోచించి, భార్య సుభాషిణి చేతికి కట్టాడు.

“నువ్వయితే ఇంట్లోనే కదే ఉండేది. నాకూ హాయిగా ఉంటుంది.”

“సరే, కట్టండి” అందావిడ.

సభలో దండ వేశారు, శాలువా కప్పారు. షీల్డు అందించేసరికి ఆయన చెయ్యి లేవలేదు. అలాగే కుర్చీలో కూలబడ్డాడు. ఎంత వినయమో అనుకుని జనం చప్పట్లు కొట్టారు. తబస్సుమ్ కంగారుగా సుభాషిణికి ఫోన్ కలిపి ఆయన చెవి దగ్గర పెట్టింది.

“ఏం... ఏం చేస్తున్నావే?” అన్నాడు నీరసంగా.

“గారెల పిండి రుబ్బుతున్నానండీ. పొద్దున్నుంచీ నడుం వాల్చిందే లేదు. మీ సన్మానానికి వచ్చినవాళ్ళందర్నీ రాత్రి మనింటికి భోజనానికి పిలిచారు కదా!”