దారం తెంపే పన్ను

అన్యాయం జరిగింది ఆ ఇంటి పెద్దకోడలు చిన్నమ్మాయికి. నరసాపురంలో, 2024 మార్చి ఇరవై తొమ్మిదిన, గుడ్‌ఫ్రైడే మధ్యాహ్నం, ఊరంతా చర్చిలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు వింటుండగా. జ్వరంతో పడున్న మనిషి కళ్ళు తేలేసింది. పోయిందనుకున్నారు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిన పాపాన ఎవరూ పోలేదు. శవం నోరు తెరుచుకుని ఉంటే జనం ఏమంటారోనన్న బెంగ మాత్రం అత్తగారికి నిండుగా ఉంది. చిన్నమ్మాయి అల్లిన లేసుపట్టీతోనే దవడ కట్టమంది. కట్టింది తోడికోడలు వినీల.

ముడి పడుతుండగా లోపల పళ్ళు కిర్రుమన్నాయి.

"అత్తయ్యా, అక్క పళ్ళు కొరుకుతోంది..."

"గాలే, పోతోంది. గట్టిగా లాగు."

వినీల లాగింది.

ఆనాటి నుంచి ఆమెకి ఏడుపు రాలేదు, భయమూ రాలేదు. మనిషంతా మొద్దుబారిపోయింది. నిద్రలో పళ్ళు కొరకడం మాత్రం పట్టుకుంది. మొగుడు విజయ్ పాల్ "రోట్లో రాళ్ళు నూరుతున్నావేంటే" అని చాప చంకన పెట్టుకుని వరండాలోకి పోయాడు. మగాడికేం, ఎక్కడైనా చాప పడుతుంది. చిన్నమ్మాయి కూతురు పాపాయి మాత్రం పిన్నిని కరుచుకునే పడుకునేది. తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడు. పిల్లల్లేని వినీలకి లోకంలో మిగిలిన వెచ్చదనం ఆ పిల్లే.

ఏడాది తిరిగాక ఒక పొద్దున, జడ వేయించుకుంటూ పిల్ల అంది: "రాత్రి నీ నోట్లోంచి అమ్మ మాట్లాడింది పిన్నీ. నోరు ఎవరు కట్టారో చెప్తుందంట. పళ్ళు విడివడట్లేదంట."

వినీల చేతిలో దువ్వెన ఆగింది. ఆ వారమే పళ్ళ డాక్టరు దుర్గాశ్రీ దగ్గరికి వెళ్ళింది.

"రాత్రిపూట పళ్ళకి తొడుక్కునే గార్డు ఇస్తానండి. మెత్తటిదైతే తేలిగ్గా అలవాటవుద్ది, కానీ కొరికేస్తారు. గట్టిదైతే మొదట్లో ఇబ్బందే. చప్పుడు మాత్రం రాదు."

"చప్పుడు రానిదే ఇవ్వండి."

అచ్చు తీశారు. ప్లాస్టర్ పళ్ళని చేతిలో తిప్పుతూ డాక్టరమ్మ ఆగింది. ముందుపన్ను అంచున సన్నటి గాడి.

"లేసు అల్లుతారాండి? దారం పంటితో తెంపేవాళ్ళకే ఇలా అరుగుద్ది."

"నేను అల్లనండి. మా అక్క అల్లేది."

లైటు వేసి వినీల నోరు చూసింది. గాడి లేదు. "గాలిబుడగ అయ్యుంటుందండి" అని మళ్ళీ అచ్చు తీసింది. మళ్ళీ అదే గాడి.

అది ఎవరి పన్నో వినీలకి తెలుసు. అయినా గార్డు తెచ్చుకుంది. పిల్ల దక్కాలి, అంతే. అచ్చు కూడా డబ్బాలో పెట్టి ఇచ్చారు. గూట్లో పెట్టింది.

ఆ రాత్రి గార్డు బిగించుకుని పడుకుంది. కాలవలోంచి కుళ్ళిన గుర్రపుడెక్క మొక్కల వాసన. ఎక్కడో కప్పలు. కాసేపటికి అవీ ఊరుకున్నాయి.

కిర్ర్...

వినీల మేలుకునే ఉంది. తన పళ్ళు కదలడం లేదు.

కిర్ర్... కిర్ర్...

గూట్లోంచి. డబ్బాలోంచి.

పాపాయి లేచి వెళ్ళి గూటికి చెవి ఆనించింది. "ఆఁ... ఇప్పుడు బాగా తెలుస్తోందమ్మా. చెప్పు."

వినొద్దని అరవాలి. నోరు తెరుచుకోలేదు. రెండు దవడలూ ఒకటైపోయాయి. గడ్డం కింద నుంచి చెంపల మీదుగా ఏదో బిగుసుకుంటోంది... గరుకుగా... అల్లికలా...

పిల్ల మెల్లగా ఇటు తిరిగింది.

"గట్టిగా లాగింది నువ్వా పిన్నీ?"

తెల్లారింది. వేలు తగలగానే గార్డు ఊడి ఒళ్ళో పడింది. పాపాయి పక్కలో లేదు. వరండాలో, బాబాయి చాప మీద అటు తిరిగి పడుకునుంది. పిలిస్తే పలకలేదు.

వినీలకి అప్పుడూ ఏడుపు రాలేదు. వెళ్ళి డబ్బా తెరిచింది. ప్లాస్టర్ పళ్ళ మధ్య కొరికిన తెల్లదారం ముక్క. మూత మీద క్లినిక్ స్టిక్కరు. పోయినవారం తీసిన అచ్చుకి వాళ్ళు వేసిన తేదీ: 29-03-2024.