పసుపు పెట్టిన సమన్లు

యశోద గొంతు నేను మొట్టమొదటిసారి విన్నది గుండిగలో కూర్చుని.

అయిదు వందల మందికి అన్నం వండే అల్యూమినియం గుండిగ అది. మా టెంట్ హౌస్‌లో అలాంటివి రెండున్నాయి. ఒకదాంట్లో అమ్మ వడ్లు పోసింది. రెండోదాంట్లో నేనున్నాను, మోకాళ్లు గడ్డానికి ఆనించి, నెత్తి మీద మూత పెట్టుకుని.

నా పేరు జంపయ్య. వయసు ఇరవై ఏడు. దుమ్ముగూడెం మండలంలో గోదారి ఒడ్డున కొత్తరేవు మా ఊరు. షాపు బోర్డు మీద మాత్రం ‘జేపీ టెంట్ హౌస్ అండ్ సౌండ్స్’ అని ఉంటుంది. జంపయ్య అంటే బేరమాడేవాళ్లు కూడా జేపీ అంటే అడ్వాన్స్ ఇచ్చి పోతారు. అంతటి జేపీ గుండిగలో దూరడానికి కారణం ఒక క్రెడిట్ కార్డు.

మూడేళ్ల కిందట భద్రాచలంలో ఒక బ్యాంకు వాళ్లు గొడుగు కింద బల్ల వేసుకుని కూర్చున్నారు. కార్డు తీసుకుంటే బ్యాగు ఫ్రీ అన్నారు. నాకు బ్యాగు నచ్చింది. ఆ కార్డుతో రెండు పెద్ద సౌండ్ బాక్సులు, ఒక ఆంప్లిఫయర్ కొన్నాను. పెళ్లిళ్ల సీజన్‌లో కిస్తీలు బాగానే కట్టాను. ఇంకా తొంభై రెండు వేలు మిగిలుండగా ఆ మరుసటి ఏడాది వానాకాలం వచ్చింది, గోదారి మా ఇంట్లోకి వచ్చింది. బాక్సులు మూడు రోజులు నీళ్లలో నానాయి. ఆ తర్వాత ఏ పాట పెట్టినా కప్పల అరుపే వినబడేది.

కిస్తీలు ఆగాయి. బ్యాంకు ఫోన్లు మొదలయ్యాయి. నేను సిమ్ మార్చేసి, పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను. ఎవరన్నా ఫైలు పట్టుకుని వస్తే లేనని చెప్పమని అమ్మకు కూడా చెప్పి పెట్టాను. ఎందుకో మాత్రం చెప్పలేదు.

ఫైలు పట్టుకుని ఆ అమ్మాయి రావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ నేను నిజంగానే ఇంట్లో లేను. బయట జోరున వాన.

“అమ్మా, జంపయ్య ఇయ్యాల గూడ లేడా?”

“లేడు బిడ్డా. చర్లకు పోయిండు. కూసో, చాయ్ పెడ్త,” అంది అమ్మ.

“మొన్న మణుగూరు అన్నరు. అంతకుముందు వెంకటాపురం అన్నరు. మీ కొడుకు ఏమన్న లారీ నడుపుతడా?”

“టెంట్ హౌస్ బిడ్డా. మంచిగ సంపాయిస్తడు. ఆనితోని నీకేం పని?”

“అది ఆయనకే చెప్పాలె. నలుగుట్ల చెప్పేది కాదు.”

అక్కడే మా అమ్మ ఆదెమ్మ లెక్క తప్పింది. ఆవిడను అనడానికి లేదు. వయసులో ఉన్న పిల్ల, మూడుసార్లు, ముప్పై కిలోమీటర్లు, వానలో స్కూటీ వేసుకుని నా కోసం వస్తోంది. నలుగురిలో చెప్పేది కాదంటోంది. మూత సందులోంచి చూస్తే అమ్మ మొహం వెలిగిపోతోంది.

“నీ పేరేంది బిడ్డా?”

“యశోద.”

“ఇంట్ల ఎవరెవరు ఉంటరు?”

“అమ్మ, నేను. నాయన పోయిండు. ఆయన నౌకరే నాకిచ్చిండ్రు. కోర్టుల ప్రాసెస్ సర్వర్‌ను. కోర్టు కాయితాలు తెచ్చిస్త.”

“సర్కారు నౌకరి!” అమ్మకు మిగతాదేదీ వినబడలేదు. “వంట చేసుడు వస్తదా?”

“అమ్మా, చాయ్ వద్దు, ఏమొద్దు. ఆయన దొరుకుతలేడు గాబట్టి ఇంట్ల మనిషిగ మీకే ఇస్త, రూల్ల ఉంది. ఈ కాయితం మీది. ఈ రెండోదాని మీద వేలిముద్ర పెట్టండి.”

“ఆగాగు! ఇంటికొచ్చిన కాయితం గట్లనే తీసుకుంటరా?”

అమ్మ లోపలికి పరుగెత్తి పసుపు డబ్బా తెచ్చింది. యశోద “అమ్మా, అమ్మా” అంటూనే ఉంది, ఈవిడ ఒక కాగితానికి నాలుగు మూలలా పసుపు పెట్టేసింది. ఆగకుండా రెండోదానికీ పెట్టింది. డబ్బా తెచ్చి గుండిగ మూత మీదే పెట్టుకుందేమో, సందులోంచి పసుపు పొడి నా ముక్కు మీద రాలింది.

నేను తుమ్మాను. అల్యూమినియం కదా, బాగా మోగింది.

“అమ్మా, మీ గుండిగ తుమ్మింది,” అంది యశోద.

“పిల్లి బిడ్డా.”

మూత లేచింది. తలెత్తి చూశాను. నీళ్లు కారుతున్న హెల్మెట్, దాని కింద రెండు పెద్ద కళ్లు. ఆ కళ్లలో మూడు ప్రయాణాల కోపం ఉంది. అయినా అంత అందమైన కళ్లు అంత దగ్గర నుంచి నేనెప్పుడూ చూడలేదు.

“జంపయ్యనేనా?”

“అవ్.”

“తండ్రి పేరు?”

“దూలయ్య.”

“బయటికొచ్చి తీసుకుంటరా, గుండిగలనే తీసుకుంటరా?”

“గుండిగలనే,” అన్నాను. కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోయాను మరి.

గుండిగలోనే సంతకం పెట్టాను. యశోద గొంతు తగ్గించి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

“క్రెడిట్ కార్డు బాకీ అని బ్యాంకు దావా ఏసింది. వడ్డీ, జరిమానా అన్నీ కలిపి లక్షా తొంభై రెండు వేలు. ముప్పై రోజుల్ల జవాబియ్యాలె. ఇయ్యకుంటే మీరు లేకుండనే తీర్పయితది. అటెన్క షామియానాలు, కుర్చీలు, మీరు కూసున్న ఈ గుండిగ, అన్నీ జప్తు.”

అమ్మ చేతిలో పసుపు అలాగే ఉండిపోయింది. “ఏందిర జంపయ్యా? ఇది పెండ్లి ముచ్చట కాదా?”

నాన్న పోయాక కాడెద్దుల్ని అమ్మి అమ్మ పెట్టించిన షాపు అది. అరుగు మీద కూలబడ్డ ఆమెను చూసి నేను నిజంగా సిగ్గుపడ్డాను. గుండిగలో దాక్కున్నప్పుడు కూడా అంత సిగ్గనిపించలేదు.

యశోద పసుపు మరకల కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంటూ నిట్టూర్చింది. “దీన్ని మా సారుకు సూపియ్యాలె. ఏందీ పసుపంటే ఏమని చెప్పాలె?”

“శుభం అని చెప్పండి,” అన్నాను.

ఉరిమి చూసింది. కానీ హెల్మెట్ పట్టీ పెట్టుకునేటప్పుడు పెదవి చివర నవ్వొకటి కనబడి మాయమైంది. అది నేను చూశాను. చూసిందే తప్పయింది, ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

మూడో రోజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాలన్నీ బ్యాగులో కుక్కుకుని భద్రాచలం కోర్టుకు పోయాను. యశోద వరండాలో కట్టలు కడుతోంది.

“మేడం, నేనిప్పుడు ఏం చెయ్యాలె?”

“నేను కోర్టు మనిషిని. సలహా చెప్పొద్దు.”

“మరి ఎవరు చెప్తరు?”

అటూ ఇటూ చూసింది. “మెట్లెక్కంగనే ఎడమ పక్క రూముంది. ఆదాయం తక్కువున్నోళ్లకు ఆడ ఉచితంగ వకీలునిస్తరు. గట్లని నేను చెప్పలే.”

“చెప్పలే.”

“ఆధార్, ఆదాయం సర్టిఫికెట్ తెచ్చుకోమని గూడ చెప్పలే.”

“అస్సలు చెప్పలే.”

“ఒక్కటి మాత్రం చెప్తున్న. కేసయ్యేదాంక నాతోని మాట్లాడొద్దు. నా నౌకరి ఇంకా పర్మనెంట్ కాలే. ప్రతివాదితోని ముచ్చట్లు పెడుతున్నదని ఎవరన్న అర్జీ పెడితే మా అమ్మ, నేను రోడ్డున పడ్తం.”

“కేసయిపోయినంక మాట్లాడొచ్చా?”

ఆమె కట్టకు ముడి వేసింది. వేసిన ముడి విప్పి మళ్లీ వేసింది. “అప్పుడు మీరు ప్రతివాది కాదు గదా,” అని లోపలికి పోయింది.

ఎడమ పక్క రూములో నాకిచ్చిన వకీలు పేరు వెంకటరామారావు. మధిర వైపు మనిషి, జుట్టు నెరిసినా ఉత్సాహం నెరవలేదు.

“ఏం భయపడకయ్యా! కార్డు నాది కాదు, సంతకం నాది కాదు అని రాసేద్దాం. నిరూపించుకోమందాం. అయిదేళ్లు తేలిగ్గా లాగుతాను. ఏడేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.”

ఆయన నాకు ధైర్యం చెబుతున్నాననుకున్నారు. నాకేమో గుండెలో రాయి పడింది. కిటికీలోంచి యశోద కనబడుతోంది. ఏడేళ్లు!

“వద్దు సార్. కార్డు నాదే.”

“నీదే అయినా, కాదని...”

“ఈ బ్యాగు గూడ వాళ్లదే సార్.”

ఆయన నా భుజాన ఉన్న బ్యాగు మీద బ్యాంకు పేరు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“మరి ఏం రాయమంటావ్?”

“ఉన్నది రాయండి. తీసుకున్న, కొంత కట్టిన, గోదారి వచ్చింది, కట్టలేకపోయిన. దాక్కున్నది గూడ నిజమే. తొంభై రెండు వేలు కడ్త. మీద ఏసిన లక్షకు లెక్క చెప్పమనండి. ఎంత జల్దీ అయితే అంత జల్దీ.”

ఆయన బ్యాంకు పంపిన లెక్క ముందేసుకుని ఒక గంట చదివారు. నేనెప్పుడూ అడగని బీమా పేరుతో నెలనెలా కోత ఉంది. ఆ కోతకు వడ్డీ, ఆ వడ్డీకి జరిమానా. వకీలుగారు పెన్ను మూత తీశారు. “నిజం చెప్పినా వాదించడానికి ఇంత ఉంటుందటయ్యా!” అని మురిసిపోయారు.

తొమ్మిదో రోజుకే జవాబు దాఖలైంది. మొదటి విచారణలో జడ్జిగారు ఫైలు తిప్పుతూ ఆగిపోయారు.

“ఈ సమన్లకు పసుపేమిటి?”

తలుపు దగ్గర యశోద తల దించుకుంది. నేను ఆమె కోసం లేచి నిలబడ్డాను.

“మా అమ్మ పెట్టింది మేడం. కోర్టామె వద్దంటనే ఉంది. మా ఇంటికి కాయితమంటే పెండ్లి పత్రికే వస్తది. ఇది గూడ గదే అనుకున్నది.”

హాల్లో నవ్వులు. జడ్జిగారు నవ్వాపుకుంటూ, “సరే, రికార్డులో అలాగే ఉండనివ్వండి. ప్రతివాదికి వాయిదా కావాలా?” అన్నారు.

“వద్దు మేడం. రేపే పెట్టండి.”

వాయిదాలు అడిగింది బ్యాంకు వకీలు. ఒకసారి కాదు, మూడుసార్లు. అంతకాలం నేను బ్యాంకును తప్పించుకు తిరిగితే, ఇప్పుడు బ్యాంకు నన్ను తప్పించుకు తిరిగింది.

యశోద ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. వరండాలో ఎదురుపడితే ఆమె గోడను చూసేది, నేను గోడను చూసే ఆమెను చూసేవాణ్ని. ఒకరోజు కోర్టులో పేర్లు పిలిచే ఆయన సెలవు పెట్టాడు. ఆ రోజు యశోద గుమ్మంలో నిలబడి పిలిచింది.

“జంపయ్యా... జంపయ్యా... జంపయ్యా...”

కోర్టు పద్ధతి ప్రకారం మూడుసార్లు. నేను ఎదురుగానే ఉన్నాను. అయినా మూడూ పూర్తయ్యేదాకా కదల్లేదు. మూడోసారి ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. నేను కల్పించి చెప్పడం లేదు, వకీలుగారు కూడా విన్నారు. ఆయన దగ్గారు.

డిసెంబరులో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. బీమా కోతలు కొట్టేసి తొంభై అయిదు వేలు, మూడు కిస్తీలు. బైకు అమ్మి మొదటిది కట్టాను. మాఘమాసం పెళ్లిళ్లలో నా చేతులతో గుంజలు పాతి రెండోది కట్టాను. ఏప్రిల్‌లో మూడోది కట్టేసి, బాకీ లేదన్న కాగితం తీసుకుని, బస్టాండు నుంచి కోర్టుకు దాదాపు పరుగెత్తాను.

యశోద లేదు. డ్యూటీ మీద బయటికి పోయిందన్నారు. సాయంత్రం దాకా వరండాలో కూర్చుందామనుకున్నాను. వకీలుగారు “కేసైపోయిన ప్రతివాది ఇక్కడేం చేస్తావయ్యా, ఇంటికి పో” అని తరిమేశారు. తిరుగు బస్సులో ఏడుపొచ్చినంత పనైంది. తొమ్మిది నెలలు దాచుకున్న మాటలన్నీ గొంతులోనే ఉన్నాయి.

ఇంటికొచ్చి కుర్చీలు తుడుస్తున్నాను. వేళ కాని వాన మొదలైంది. ఇంతలో వాకిట్లో స్కూటీ చప్పుడు. ఫైలు పట్టుకున్న చెయ్యి కనబడింది. పాత అలవాటు, నా కాళ్లు నన్నడక్కుండానే గుండిగ వైపు ఉరికాయి.

“ఒక కాలు లోపల, ఒక కాలు బయట. ఏంది, ఉన్నట్టా లేనట్టా?”

“ఉన్నడు బిడ్డా! ఈసారి ఉన్నడు!” అమ్మ లోపల్నుంచే కేకేసింది.

యశోద హెల్మెట్ తీసి, ఫైల్లోంచి పొడుగు కవరొకటి నా చేతికిచ్చింది. తెల్లకాగితం మీద గుండ్రటి చేతిరాత.

‘కొత్తరేవు గ్రామ నివాసి, దూలయ్య కుమారుడు జంపయ్యకు తెలియజేయునది. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు మా ఇంట్లో మా అమ్మ ఎదుట మీరు తల్లిగారితో సహా స్వయంగా హాజరు కావలెను. చెప్పుకోవలసినది ఉన్నచో ఆ రోజే చెప్పుకొనవలెను. హాజరు కాని యెడల మీరు లేకుండానే నిర్ణయం జరుగును. గమనిక: వకీలును తేవద్దు.’

రెండుసార్లు చదివాను. అక్షరాలు అలుక్కుపోయాయి. వాన వల్ల అని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను.

“మేడం, ఆడికొచ్చి ఏం చెప్పుకోవాలె?”

“నేను సలహా చెప్పొద్దు.”

“నేనిప్పుడు ప్రతివాదిని కాదు.”

“అయితే చెప్త.” ఆమె చూపు నా మీద నుంచి కదల్లేదు. ఈసారి గోడ వైపు తిరగలేదు. “మూత తీసిననాటి సంది నీ మనసుల ఏమున్నదో అది చెప్పు.”

మీరు పోయి నువ్వు వచ్చింది. నాకు మళ్లీ కాళ్లు తిమ్మిరెక్కాయి.

“నువ్వంటే నాకు ఇష్టం యశోదా. నీతో మాట్లాడొచ్చన్న ఆశకే దావాకు జవాబిచ్చిన, నిజం చెప్పిన, బాకీ కట్టిన. ఇగ జన్మల ఎవరి నుంచి దాక్కోను. నీ నుంచి అసలే దాక్కోను.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు మాత్రం డ్యూటీ గొంతే. “రెండో ప్రతి మీద సంతకం పెట్టు.”

ఒక కాలు గుండిగలో ఉండగానే పెట్టాను. గుమ్మంలో అమ్మ పసుపు డబ్బా పట్టుకుని నిలబడింది. పోయినసారి దెబ్బ తిన్నది కదా, ముందుకు రావడానికి భయపడుతోంది.

“బిడ్డా, ఈ కాయితానికి పెట్టొచ్చునా? లేకుంటే ఇది గూడ కేసేనా?”

యశోద రెండు ప్రతులూ ఆమె ముందు పట్టింది.

“నాలుగు మూలలా పెట్టు అత్తమ్మా.”

అమ్మ డబ్బా మూత తీసింది. నాకు తుమ్మొచ్చింది. ఈసారి ఎవరూ పిల్లి అనలేదు.