మండలి షెడ్డులో మొదటి పొయ్యి

పొద్దున్నే మొగుడు గంగులయ్యకు కాఫీ ఇచ్చి, ఎప్పట్లాగే ఏడింటికల్లా సిద్దమ్మ మహిళా మండలి షెడ్డుకు చేరింది. మదనపల్లె మార్కెట్టు వెనక ఉన్న ఆ రేకుల షెడ్డులో నాలుగు పొయ్యిలు. కురబలకోట రైతులు అమ్ముడుపోని టమోటాలను గంపలతో అక్కడ దించితే, ఆడవాళ్ళు ఊరగాయ పెట్టి అంగళ్ళకు వేసేవాళ్ళు. ఎనభై ఒకటిలో షెడ్డు లేచింది. అప్పట్నుంచీ నాలుగేళ్ళుగా మొదటి పొయ్యి సిద్దమ్మది.

ఆ రోజు దాని మీద పక్క పొయ్యి మైమూన్ బీ బాండలి ఉంది.

"ఏం బీ, నిద్రమత్తులో నా పొయ్యి అంటించినావా?" అంది సిద్దమ్మ నవ్వుతూ.

మైమూన్ బీ తలెత్తలేదు. "నీ కోడలే నిన్న మండలికి వచ్చి పొయ్యి వద్దని చెప్పిపోయింది సిద్దక్కా. నన్నేమీ అడగద్దు."

సిద్దమ్మకు ఒళ్ళు భగ్గుమంది. కమలాక్షా! తల్లిలేని పిల్లని పుంగనూరు నుంచి కోడలిగా తెచ్చుకుని, గరిటె పట్టడం కూడా నేర్పింది తనేనాయె. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది. వచ్చిన దోవనే ఇంటికి తిరిగింది.

గంగులయ్య చద్దన్నానికి కూర్చుని ఉన్నాడు. కమలాక్షి వడ్డిస్తోంది.

"ఏమ్మే, నా పొయ్యి యాల ఇడిసిపెడితివి? నేను సచ్చినాననుకుంటివా?"

"ఇన్నాళ్ళు కష్టపడింది చాల్లే అత్తా. ఇంట్లో ఉండు."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదానివి, నా మంచి సూడొచ్చినావా? ఊరగాయ సిద్దమ్మ అంటేనే ఈ ఊళ్ళో నన్ను గుర్తుపట్టేది. పొయ్యి లేకపోతే నేనెవురు?"

కమలాక్షి అటక మీది సీసా దించి ముందు పెట్టింది. అది సిద్దమ్మ పెట్టిన ఊరగాయే. "అంగడోళ్ళు వాపసు పంపినారు. రుచి సూడు అత్తా."

సిద్దమ్మ వేలితో నాకింది. "బాగానే ఉండాది. దీనికేం రోగం?"

గంగులయ్య కంచంలో చేయి ఆపాడు. "ఉప్పు కషాయం మే. ఎండాకాలం నుంచీ నీ చేతి వంటంతా అట్నే ఉండాది."

సిద్దమ్మ ఇంకోసారి నాకింది. నాలుకకు ఉప్పు ఏమీ తెలియలేదు.

షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. సీసా మూత బిగించే ముందు పక్క పొయ్యి వాళ్ళు ఉప్పు చూడాలి. సిద్దమ్మకు చూసేది మైమూన్ బీ. ఆ ఏడు టమోటా కాపు మీదుండగానే రంజాను వచ్చింది. ఉపవాసమున్న మనిషిని నోట పెట్టమని ఎలా అడుగుతుంది? వేరొకరిని అడగడం నామోషీ అనుకుంది. నా చేతికి ఇంకొకరి నాలుక దేనికని నెల రోజులూ తనే మూతలు బిగించింది.

"మళ్ళా సీసాలు తిరిగొస్తే అందరి ముందర నిన్ను తీసేస్తామని మండలోళ్ళు అన్నారు అత్తా. ఆ మాట నీ చెవిన పడకముందే నేనే పోయి వద్దన్నాను."

సిద్దమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. పొయ్యి పోయినందుకు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

"నా ముందరే కూర్చుని తింటిరి గదా. ఎట్లుండాదంటే బాగుండాదంటిరి. ఊరంతా తెలిసి నాకొక్కదానికే తెలియకుండా చేస్తిరి. పొయ్యి తీసింది మోసం కాదు కమలా, ఇదే మోసం."

"ఎట్ల చెప్పేది అత్తా? నాకు ఉప్పూ కారం నేర్పిందే నువ్వు." కమలాక్షి కూడా ఏడ్చేసింది.

సిద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అందరూ ఒక్కో పొయ్యి ముందుకు జరిగినాక నాలుగోది ఖాళీగా ఉండాది. పోయి ఇద్దరి పేరుతో అడుగుదాం. కాయ నేను ఏరతా, పోపు నేను పెడతా. ఉప్పు నువ్వు సూడు. ఎక్కువైతే ఎక్కువైందని నా మొహానే చెప్పు. నేను ఏడిస్తే ఏడుస్తా, నువ్వు మాత్రం దాయొద్దు."

కమలాక్షి తల ఊపింది. కాసేపు తటపటాయించి, మెల్లగా అంది.

"పొద్దున నువ్వు చేసిన చట్నీలో కూడా ఎక్కువైంది అత్తా."

సిద్దమ్మ కోడలిని దగ్గరికి లాక్కుని భోరున ఏడ్చింది.