ఉరుకుందమ్మ తొక్కిన బ్రేకు

ఎనభైల మొదట్లో కప్పగల్లు రోడ్డున హొన్నూరప్ప షెడ్డంటే అంబాసిడర్లకు పుట్టిల్లు. ఇంజిను పని ఎవరైనా చేస్తారు గానీ, బ్రేకు మాత్రం అతనే చూడాలనేవాళ్ళు బళ్ళారి బజారు షావుకార్లు. నిజానికి ఆ పేరులో సగం అతని భార్య ఉరుకుందమ్మది. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి ఇద్దరుండాలి. ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కిపట్టాలి, ఇంకొకరు కింద దూరి చక్రం వెనకున్న చిన్న మర విప్పాలి. అతను కిందనుంచి "తొక్కు" అనేవాడు, ఆమె తొక్కేది. "గట్టిపడింది మామా" అందంటే పని అయిపోయినట్టే. అతను మళ్ళీ తొక్కి చూసుకున్న పాపాన పోలేదు. పెళ్ళాం కాలి మీద అంత గురి.

ఆ ఉరుకుందమ్మ ఎండాకాలంలో జ్వరమొచ్చి పోయింది. కూతురు హొన్నమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. "పుట్టే బిడ్డను ఒక్కసారి నా చేతికియ్యండి" అని కలవరిస్తూనే కన్నుమూసింది. ఆ మాట తలచుకుంటే హొన్నూరప్పకు ఇప్పటికీ ముద్ద దిగదు.

తెల్లారితే హొన్నమ్మ మూడో నెల పసిబిడ్డతో చోరనూరు అత్తగారింటికి బయల్దేరాలి. దారంతా సండూరు కొండలు, ఏటవాలు పల్లాలు. నూనె మిల్లు షావుకారు శ్రీనివాసులు తన కారు ఇస్తానన్నాడు, బ్రేకు బాగు చేసుకుంటే. హొన్నూరప్ప పాత రబ్బర్లు మార్చి కొత్త బ్రేకాయిలు పోశాడు. ఇక గాలి తీయాలి. డ్రైవరు మాధవ టీ తాగొస్తానని పోయి ఎంతసేపటికీ అయిపు లేడు. మబ్బు కమ్మి పొద్దుండగానే చీకటి పడింది, కరెంటు పోయింది. లాంతరు పట్టుకుని కారు కింద దూరాడు. తడి మట్టి వాసన... ఆయిలు వాసన. అలవాటు కొద్దీ నోట్లోంచి మాట వచ్చేసింది.

"తొక్కు."

పైన పెడలు కిర్రుమంది.

"మాధవా, వస్తివా?"

ఆకూవక్కల వాసన వచ్చింది. మాధవ ఏనాడూ ఆకేసుకోడు.

"ఎట్లుండాది?" అన్నాడు.

"మెత్తగుండాది మామా..."

చేతిలోని పానా జారిపోయింది. పారిపోవలసిన మనిషి, పారిపోలేదు. ఏడ్చాడు. గట్టిపడితే ఆమె వెళ్ళిపోతుంది. అందుకే మరను విప్పుతూ, బిగిస్తూ, మళ్ళీ విప్పుతూ... "తొక్కు... పట్టుకో... వదులు." మర కింద పెట్టిన సీసాలోకి ఆయిలు నురగలుగా దిగుతోంది.

"గుడ్డియ్యి" అన్నాడు, ఎప్పటిలాగే.

చెవి పక్కన మెత్తటి పాత చీర ముక్క పడింది. చేతులు తుడుచుకున్నాడు. గుడ్డ వెచ్చగా ఉంది.

"గట్టిపడింది మామా. రేపు బిడ్డను పంపీ."

సీసాలో ఇంకా గాలి బుడగలు లేస్తూనే ఉన్నాయి. అయినా ఆమె అన్నాక ఇంకేం చూడాలి? మర బిగించి బయటికొచ్చాడు.

సీట్లో ఎవరూ లేరు.

ఆమె కూర్చున్న చోట కాసేపు కూర్చోవాలనిపించింది, అంతే. కూర్చున్నాడు. పాదం దానంతటదే పెడలు మీదికి పోయింది.

పెడలు అడుగుదాకా దిగిపోయింది.

మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అడుగుదాకా...

"ఉరుకుందా... ఏంది నువ్వు చెప్పింది?"

వెనక సీట్లోంచి, మెడ దగ్గరగా... "పంపీ మామా. ఒక్కసారి ఎత్తుకుంటా."

కారు తాళం పిడికిట్లో పట్టుకుని ఇంటికి పరిగెత్తాడు. హొన్నమ్మ దీపం వెలుగులో బట్టలు మూటగడుతోంది.

"రేపు పోయేది లేదమ్మా. ఆ బండి వద్దు."

"అట్లనే లే నాయనా, మెల్లగ మాట్లాడు. బిడ్డ పొద్దుగూకినకాడ్నుంచి ఒకటే ఏడుపు. ఇప్పుడే, ఎవరో ఎత్తుకున్యట్ల గమ్మునాయె."

హొన్నూరప్ప ఉయ్యాలలోకి వంగి చూశాడు. బిడ్డ మెత్తటి పాత చీర ముక్కలో నిద్రపోతోంది. ఆ గుడ్డ మీద నల్లగా, ఇంకా తడి ఆరకుండా, అతని వేళ్ళ గుర్తులున్నాయి.