కసిం కుండ

పొద్దున ఎనిమిదికి గోడలోని ఆనవాలి, కుక్క గవ్వ కడుపు చదివింది. "మజ్జిగన్నం. హాని ఏమీ లేదు," అంది.

గడప దగ్గర గవ్వ మళ్ళీ కక్కింది.

ఆనవాలి అంటే గోడలో ఉండే కన్ను. శ్రీకాళహస్తిలో ఇప్పుడది లేని ఇల్లు లేదు. అంగట్లో అమ్మే సబ్బు, జిగురు, రంగుపెన్సిలు, అన్నిటిలోనూ కంటికి ఆనని గుర్తురేణువు కలిపి ఉంటుంది. బిడ్డ గానీ కుక్క గానీ ఏది మింగినా ఆ రేణువును చదివి, గోడ అరలోంచి విరుగుడు ఇస్తుంది. పోయిన నెల గవ్వ మైనపు రంగుముక్క మింగితే నిమిషంలో పట్టేసింది. గుర్తు లేని రంగు ఇంట్లో ఉండకూడదు. ఉందని తెలిస్తే ఆనవాలే తనిఖీవాళ్ళను పిలుస్తుంది.

"తాతా, అదేమన్నా తినిందా? నువ్వు చూసినావా?" అని సుగుణ అడిగింది.

"లేదు," అన్నాడు మునిరత్నం.

చూశాడు. పెరట్లో కట్టెల చాటున కసిం కుండ ఉంది. తుప్పినుము, బెల్లం ఇంట్లోనే నానేసిన, గుర్తు లేని నల్లరంగు. కలంకారీ పనిలో కలంతో గుడ్డమీద గీత గీయడానికి అదే. నాయన పెట్టిన కుండ, అడుగు మడ్డి ఏనాడూ పారబోయలేదు. తెల్లవారి నురుగు తీసి మూత మరిచాడు. బెల్లం తీపికి గవ్వ సగం నాకేసింది.

"ఏం లేదంట తాతా. ఎండ దెబ్బేమో," అంటూ సుగుణ కుక్క తలమీద తడిగుడ్డ వేసింది.

మునిరత్నం కుక్క పక్కన కూర్చున్నాడు. నోటిదాకా వచ్చిన మాటను రెండుసార్లు మింగాడు. తొమ్మిదిన్నరకు దాని చిగుళ్ళు సున్నంలా తెల్లబడ్డాయి.

"సుగుణా. అది కసిం తాగింది."

"ఎప్పుడు?"

"తెల్లారి."

"అడిగితే లేదంటివే!"

ఆమె కుక్కను ఎత్తుకొని పరుగెత్తింది. అతను వెనకే వెళ్ళాడు.

పశువుల డాక్టరు గవ్వ కళ్ళు విప్పి చూసి చెయ్యి తీసేశాడు. "ఇనుముకు మందుంది పెద్దాయనా. పొద్దున్నే చెప్పింటే బతికేది. ఆ గోడకు తెలియలేదు సరే, నీకు తెలుసు గదా?"

ఇంటికి వచ్చేసరికి తనిఖీవాళ్ళు కుండను కాలవలో బోర్లిస్తున్నారు. మునిరత్నం అడ్డుపడలేదు. పార తీసుకొని గవ్వకు గొయ్యి తవ్వాడు.

మరునాడు మధ్యాహ్నం సుగుణ కంచం పెట్టింది. అతను తిని, చెయ్యి కడుక్కున్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. గోడ వైపు తిరిగింది.

"తాత అన్నం తిన్నాడా?"

"తిన్నాను," అన్నాడు మునిరత్నం.

గోడ చెప్పేదాకా ఆమె ఆగింది.