దుర్గయ్య దుకానం

కల్వకుర్తి బస్టాండు ఎదురు సందుల అమరేందర్‌ది పుస్తకాల షాపు. మంచోడని ఊరంత అనేది, మీరు చూసినా గట్లనే అందురు. షాపుకొచ్చి కొనేటోళ్లు తక్కువ. బతుకంత ఫోన్ల వచ్చే ఆర్డర్ల మీదనే. కానీ ఆన్‌లైన్ల అమ్మే యాప్‌ల ఆ దుకానం పేరు 'దుర్గయ్య బుక్స్'.

అది అమరేందర్ సంపాయించిన పేరు గాదు. దోస్తు దుర్గయ్య ఆరేండ్లు ఒక్కో పుస్తకం అట్టపెట్టెల సర్ది పంపి, వేల మందితోని మంచిదనిపించుకున్న పేరు. కొత్తోడు దుకానం తెరిస్తే ఆర్నెల్లు ఈగలు తోలుకోవాలె. అందుకే దుర్గయ్య కిడ్నీలు చెడి దవాఖానల పడ్డప్పుడు, అమరేందర్ మంచం పక్కన కూసున్నడు.

"ఫికర్ చెయ్యకన్నా, ఆర్డర్లు నేను పంపిస్త. నీ ఫోన్‌కు ఓటీపీ వస్తది, జర చెప్పు."

పాపం, నమ్మి చెప్పిండు. గంటసేపట్లనే యాప్‌ల దుకానం నంబరు మారింది, పైసలు పడే బ్యాంకు ఖాతా మారింది. దుర్గయ్య భార్య గుర్వమ్మ మందుల పైసలకొస్తే, "యాప్ కంపెనీ పైసలు ఆపింది వదినా, నేనేం జెయ్యాలె?" అన్నడు. ఇరవై దినాలకు దుర్గయ్య పోయిండు. వీని నోట్లె మన్నువడ, నిద్రెట్ల వట్టిందో!

జూన్ నెల, బడులు తెరిచే రోజులు. సాయంత్రమే మబ్బు కమ్మి చీకటైంది. కరెంటు పోయింది. షాపుల తడిసిన అట్టల వాసన. ఆ వెనుకనే ఇంకో వాసన... ఫినాయిలు, సెలైన్, మందులు. ఫోన్ మోగింది.

"మీ దుకానం వేరే నంబరుకు మారుతాంది... ఆపాలంటే ఓటీపీ చెప్పుండ్రి."

నీరసపు గొంతు. నెల పైసలన్నీ రేపు పడేటియి. బిడ్డ రూప ఫీజు వాటితోనే కట్టాలె. అమరేందర్ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. ఆరంకెలు గబగబ చదివిండు.

"ఇంకోటి వస్తది... జర చెప్పు."

చెప్పిండు.

"ఇంకోటి..."

అప్పుడు గుర్తువట్టిండు. దుర్గయ్య గొంతు! ఫోన్ తీసెయ్యాలనుకున్నడు... చెయ్యి లేవలే. నోరు తనంతట తనే అంకెలు చెప్తాంది.

"దుకానం తీస్కున్నవ్ గదన్నా... ఇంకేం గావాలె?" గుసగుసగ అడిగిండు.

"నువ్వు దుకానం ఒక్కటే తీస్కున్నవా?"

ఫోన్ కట్టయింది. అమరేందర్ ఇంటికి ఫోన్ చేసిండు. భార్య త్రివేణి ఎత్తింది.

"త్రివేణీ! నేనే... షాపుకు జల్ది రా!"

"నేనంటే ఎవరు? నంబరు కొత్తగున్నది."

"నీ మొగుణ్ణి, అమరేందర్‌ని!"

"తాగినవా ఏంది? మా ఆయన ఇంట్లనే ఉన్నడు. ఇప్పుడే తడుసుకుంట వచ్చిండు, అన్నం తింటున్నడు."

"ఎవరే?" అని లోపలి నుంచి ఒక మగ గొంతు అడిగింది.

అది అమరేందర్ గొంతే. దాని పక్కనే బిడ్డ రూప నవ్వుతాంది.

"బాపూ, ఇంకో ముద్ద పెట్టు..."