ఆరో ఆకు

"ఒరే మునీ... ఈడికి రారా. ఎవుర్రా ఈ ఆకులు ఎయ్యమన్నింది?"

అమర్‌నాథ్ కేక వీధి ఈ కొసదాకా వినబడింది. తిరుచానూరులో ఆయన మెస్సు ఆ కొసన, టీ అంగడి ఈ కొసన, మధ్యలో జోరువాన. అయినా ఆ గొంతు వానను దాటుకుని వచ్చి, టీ అంగడి పట్ట కింద నిలబడి ఉన్న మునికుమార్ చెవిలో పడింది. అమర్‌నాథ్ అతని అక్క మొగుడు. బావ ఒక కేక వేశాడంటే రెండో కేకదాకా ఆగకూడదని మునికుమార్‌కు చిన్నప్పటినుంచీ తెలుసు. పక్కన ఉన్న స్నేహితుడు దయానంద్‌కు గ్లాసు ఇచ్చేసి, తలమీద కర్చీఫు వేసుకుని నడిచాడు.

టైము సాయంత్రం నాలుగే. కానీ తుపాను పట్టి అది మూడో రోజు. దీపాలు పెట్టేవేళ దాటిపోయినట్టు ఉంది వీధి. మధ్యాహ్నం పోయిన కరెంటు ఇంకా రాలేదు. దాంతోబాటే నెట్టూ పోయింది. పూలంగళ్ళ ముందు తడిసిన చామంతులు కాలువలో కొట్టుకుపోతున్నాయి.

మెస్సు హాల్లో చాప మీద ఆరు అరిటాకులు వరసగా పరిచి ఉన్నాయి. నీళ్ళు చల్లి, పక్కన ఆరు గ్లాసులు కూడా పెట్టారు. వడ్డించే గిరి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చీటీలు వచ్చాయి కాబట్టి వేశానని వాడి వాదన. అదీ నిజమే. వంటింట్లో చిన్న మిషను ఒకటి ఉంది. ఎవరైనా ఫోనులో భోజనం బుక్ చేసుకుంటే వాళ్ళ పేరు అచ్చుపడిన చీటీ దాంట్లోంచి వస్తుంది. చీటీకొక ఆకు వెయ్యాలి.

అయితే కరెంటే లేదు కదా మరి. పైగా పిడుగుల భయానికి పొద్దున్నే ఆ మిషను వైరు పీకి చుట్టపెట్టింది కూడా ఆ గిరే.

మునికుమార్ చీటీలు అందుకున్నాడు. తడిగా ఉన్నాయి. వాన తడి కాదు. వేళ్ళకు జిగటగా తగిలింది. ఎండుచేపల బుట్ట మూత తీస్తే కొట్టే వాసన...

చిన్నబ్బ. పొన్నుసామి. సెంగయ్య. ఎల్లప్ప. కోదండం.

ఆరో చీటీ మీద మునికుమార్ అని ఉంది.

బావ చాలాసేపు తిట్టాడు. నీ కంప్యూటరు ఆటలు వంటింట్లోకి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాలన్నాడు. అమ్మవారి పంచమి తీర్థం రెండు రోజుల్లో పెట్టుకుని ఆకులు వృథా చేస్తారా అన్నాడు. తర్వాత, ఆకులమ్మే పీరా సాహెబ్ అంగట్లో సరుకు తడిసిపోతోందని గుర్తొచ్చి, గిరిని వెంటబెట్టుకుని గొడుగుతో బయలుదేరాడు. మెస్సులో మునికుమార్ మిగిలాడు. వంటింట్లో వంటచేసే పోలేరమ్మ అవ్వ మిగిలింది.

ఇక్కడ మునికుమార్ చేసే పని గురించి కాస్త చెప్పుకోవాలి. భలే పని లెండి అది. వెబ్‌సైట్లను పరీక్ష చేయడం. పంచమి తీర్థం నాడు జనం లక్షల్లో దిగుతారు. అందులో వెయ్యిమంది ఒకేసారి ఫోను తీసి బావ సైటులో భోజనానికి పేరు ఇచ్చారనుకోండి, సైటు తట్టుకుంటుందా, కూలిపోతుందా? అది ముందే తెలియాలి. అందుకని వెయ్యిమందిని పిలిపించి నొక్కించలేం కదా. కాబట్టి ఉత్తుత్తి గిరాకీలను తయారుచేస్తారు. యాడో దూరాన అద్దెకు తీసుకున్న కంప్యూటర్లు ఒక్కో పేరు పెట్టుకుని వచ్చి సైటు తలుపు తడతాయి. ఆకు కావాలంటాయి. 'మీ ఆకు వేసినాము, దయచేయండి' అంటుంది సైటు. మరుక్షణమే ఆ బుకింగు రద్దు. మళ్ళీ తట్టడం, మళ్ళీ పిలవడం, మళ్ళీ రద్దు. నిమిషానికి మూడు వందలసార్లు, మనిషి చెయ్యి పడకుండా. ఇదంతా అసలు సైటు మీద కాదు, మునికుమార్ ల్యాప్‌టాప్‌లో ఉన్న నకలు మీద. వంటింటికి ఒక్క చీటీ కూడా రాకూడదు.

ఆ సైటులో ఇంకొక ఏర్పాటు ఉంది, దాన్ని అతనే పట్టుబట్టి పెట్టించాడు. ఒక పంక్తి తప్పినవాడి పేరు పోదు. తనంతట తానే తర్వాతి పంక్తికి వెళ్ళి కూర్చుంటుంది. మన దగ్గర ఎవరూ తప్పిపోరు బావా అని గర్వంగా చెప్పుకున్నాడు కూడా.

ఉత్తుత్తి గిరాకీలకైనా పేర్లు కావాలి కదా. బతికున్నవాళ్ళ పేర్లు వాడితే పొరబాటున ఎవరికైనా మెసేజీ పోతే గొడవ. చనిపోయినవాళ్ళయితే ఆ బాధ లేదు. అందుకని మునికుమార్ పోలేరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

పోలేరమ్మది పులికాట్ ఒడ్డు. ఆరేళ్ళ కిందట ఆమె మొగుడు చిన్నబ్బ, ఇంకో నలుగురు ఒకే పడవలో రొయ్యల వేటకు వెళ్ళారు. పడవ దొరికింది, మనుషులు దొరకలేదు. శవం కనబడకుండా కర్మ ఎట్లా చేసేదని పెద్దలు వాయిదా వేస్తూ వచ్చారు. అట్లా ఆ ఐదుగురినీ పేరుపెట్టి పిలిచి ఇన్నేళ్ళలో ఎవరూ ఒక ఆకు వెయ్యలేదు. ఇదంతా మునికుమార్‌కు తెలుసు. తెలిసే, వాళ్ళ పేరున రోజూ ఆకు వేయిస్తాను అవ్వా అని తియ్యగా చెప్పాడు. ముసలామె చేతులు కడుక్కుని వచ్చి, పీట వేసుకుని కూర్చుని, ఐదు పేర్లూ తండ్రుల పేర్లతో సహా చెప్పింది. చివర్లో ఒక్క మాట అంది.

"పిలిస్తే ఆకు ఎత్తేయగూడదు నాయనా. తిననీ. ఆకలిగొన్నోళ్ళు."

అతను తల ఊపాడు. మెస్సులో పంక్తికి ఆరు ఆకులు. ఆరో పేరు తనది వేసుకున్నాడు, మెసేజీలు సరిగ్గా వస్తున్నాయో లేదో తన ఫోనులో చూసుకోవడానికి.

పంతొమ్మిది రోజులు నడిచింది ఆ పరీక్ష. ప్రతి సాయంత్రం అవ్వ అడిగేది, పిలిచినావా, తిన్నారా అని. కడుపునిండా తిన్నారు పో అవ్వా, సెంగయ్యయితే రెండోసారి పప్పు అడిగినాడు అనేవాడు. ఆమె కళ్ళు తుడుచుకునేది. తర్వాత టీ అంగడి దగ్గర దయానంద్‌కు చెప్పేవాడు, ఈ పొద్దు ముసలిదాని మొగుణ్ణి లక్షసార్లు కూర్చోబెట్టి లక్షసార్లు లేపినానని. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

ఇప్పుడు ఆ ఐదు చీటీలూ తడి కాగితాలై అతని చేతిలో ఉన్నాయి.

మేడమీది గదికి ఎక్కాడు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద వెలుగుతోంది. నెట్టు మధ్యాహ్నమే పోయింది కాబట్టి దూరాన ఉన్న కంప్యూటర్లు ఏవీ ఇక్కడికి రాలేవు. పరీక్ష ఆగిపోయి ఉండాలి.

ఆగలేదు.

తెరమీద వరసలు వరసలుగా పేర్లు పాకుతున్నాయి. తలుపు తడుతూనే ఉన్నారు... చిన్నబ్బ... పొన్నుసామి... సెంగయ్య... ఒక్కటి మాత్రం మారింది. రద్దు అన్న చోట సున్నా. చూస్తుండగానే పేర్లన్నీ నిలిచిపోయాయి. ఐదు పేర్ల ఎదురుగా 'వచ్చారు' అని పచ్చగా వెలిగింది.

ఆరో పేరు ఎదురుగా 'రావాలి' అని ఉంది.

మునికుమార్ రద్దు నొక్కాడు. కింద హాల్లో టప్‌మని ఒక చప్పుడు. తడి అరచెయ్యి ఆకుమీద పడ్డట్టు. మళ్ళీ నొక్కాడు. టప్. ఈసారి ఒక చెయ్యి కాదు... మూడోసారి నొక్కడానికి వేలు లేవలేదు.

మెట్లు సగం దిగి వంగి చూశాడు. హాలు చీకటిగా ఉంది. మనుషులెవరూ లేరు. కానీ ఐదు ఆకుల వెనక చాప ఐదు చోట్ల గుంటపడి ఉంది. ఆ గుంటల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి. బురద వాసన, కుళ్ళిన నాచు వాసన. ఐదు గ్లాసుల్లోనూ నీళ్ళు మెల్లగా పైకి వస్తున్నాయి, ఎవరూ పొయ్యకుండానే... ఆరో ఆకు వెనక చాప పొడిగా, చదునుగా ఉంది.

గోడ పట్టుకుని వంటింట్లోకి పోయాడు. గ్యాసు మంట వెలుతురులో పోలేరమ్మ అన్నం బేసిన్లోకి తీస్తోంది. తల ఎత్తలేదు.

"అవ్వా... హాల్లో ఎవురు?"

"పిలిచినోడివి నువ్వు. నన్నడుగుతావే."

"నిజంగా పిలవలేదు అవ్వా. మిషను... ఉత్తుత్తికే..."

"రోజూ తిన్నారని చెప్తివే." గరిట ఆగింది. "మొకాలు సూసినాను నాయనా. ఒక్క మెతుకు తిన్న మొకాలు కావు."

ఆమె మళ్ళీ అన్నం తీసింది. ఇంకా గొంతు తగ్గించి చెప్పింది.

"ఆరోవాడు కూసోందే పంక్తిలో ఎవురూ సెయ్యి పెట్టరు. కాసుకోనుండారు."

మునికుమార్ వీధి తలుపు వైపు చూశాడు. తలుపుకు పోవాలంటే ఆ ఆకులముందు నుంచే పోవాలి. పెరటి తలుపు లేదు. మెట్లే ఉన్నాయి. మెట్లెక్కాడు. గదిలో కూర్చుని ఆలోచించాడు, పనిలో ఎట్లా ఆలోచిస్తాడో అట్లాగే, చల్లగా. రద్దు కుదరదు. కానీ పేరు మార్చడం కుదురుతుందేమో. తన పేరు మీద నొక్కాడు. అక్షరాలు చెరిగాయి. పెట్టె ఖాళీ అయింది. ఖాళీగా ఉంచితే సైటు ఒప్పుకోదు. అది పరీక్షించింది కూడా అతనే.

ఎవరిదో ఒక పేరు ఉండాలి.

అక్క మనసులో మెదిలింది. బావ మెదిలాడు. దయానంద్ మెదిలాడు. అవ్వకెట్లాగూ వయసైపోయింది అనుకున్నాడు. మొగుడు అక్కడే ఉన్నాడు కదా అనుకున్నాడు. అడిగి రాసేంత తీరిక లేదనుకున్నాడు.

పోలేరమ్మ అని కొట్టాడు. నొక్కాడు.

కింద, వైరులేని మిషను గరగరమంది. గరిట కిందపెట్టిన చప్పుడు. పొయ్యి ఆర్పిన చప్పుడు. మెట్ల కింద నుంచి ఆమె గొంతు, కోపమేమీ లేదు అందులో.

"నన్ను రాసినావా నాయనా. అడిగింటే నేనే కూసుందును కదా."

బేసిను లాగుతున్నట్టు, ఒక్కో ఆకు దగ్గర ఆగుతున్నట్టు, చాలాసేపు వినిపించింది. తర్వాత చాప మీద ఒక మనిషి మోకాళ్ళు మడిచిన చప్పుడు. తర్వాత... తినడం మొదలైంది. ఆరేళ్ళ ఆకలి ఎట్లా తింటుందో మునికుమార్ రెండు చెవులూ మూసుకుని విన్నాడు.

కరెంటు వచ్చింది. హాల్లో ఐదు ఆకులు మడిచి ఉన్నాయి, మెతుకు లేకుండా. ఆరో ఆకు ముందు పోలేరమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చెయ్యి అన్నంలోనే ఉంది. ఇల్లు కదలని మనిషి చీర మొత్తం పిండితే నీళ్ళు కారేటట్టు తడిసి ఉంది. ఆమె చెంప మీద ఇసక.

గుండె ఆగిందన్నాడు డాక్టరు.

తుపాను తేలిపోయింది. పంచమి తీర్థం నాడు జనం పోటెత్తారు. సైటు ఒక్క క్షణం కూడా కూలలేదు. బావ నలుగురిలో మునికుమార్ భుజం తట్టాడు. అతను పరీక్షను చెరిపేశాడు, పేర్లు చెరిపేశాడు, నకలు చెరిపేశాడు. రాత్రిళ్ళు నిద్ర కూడా బాగానే పట్టింది.

ముసలామెకు ఎవరూ లేరు కాబట్టి పదకొండో రోజు కర్మ అమర్‌నాథే చేయించాడు. మధ్యాహ్నం మెస్సుకు సెలవు. అక్క తాను వడ్డిస్తాను, మీరు కానీండి అంది. బావ ఒప్పుకోలేదు. ఈ ఒక్క పొద్దు ఎవరూ నిలబడకూడదు, గిన్నెలు మధ్యలో పెట్టుకుని అందరం కలిసి కూర్చుందాం అన్నాడు. బావ, అక్క, గిరి, ఆకులు తెచ్చిన పీరా సాహెబ్, దయానంద్. అందరికన్నా చివరగా వచ్చి అక్క పక్కన మునికుమార్ కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ పడుతోంది. కమ్మటి పప్పు వాసన వస్తోంది. పదకొండు రోజుల్లో మొదటిసారి అతనికి నిజంగా ఆకలేసింది.

జేబులో ఫోను కదిలింది.

'మునికుమార్ గారూ, మీరు మొదటి పంక్తి తప్పినారు. రెండో పంక్తిలో మీ ఆకు వేసినాము. దయచేయండి.'

కింద ఆరు పేర్లు. అమర్‌నాథ్ నుంచి దయానంద్ దాకా ఐదు పేర్ల ఎదురుగా 'వచ్చారు' అని పచ్చగా ఉంది. అతను చూస్తుండగా ఆరోది కూడా పచ్చబడింది.

తల తిప్పాడు. పంక్తిలో అందరూ ఆకులవైపు వంగి ఉన్నారు. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"తిను మునీ," అంది పక్కన అక్క, మెల్లగా. "నీకోసమే కాసుకోనుండాము."

ఆకులో అన్నం పొగలు కక్కుతోంది. అన్నం మీద పప్పు. గిన్నెలు మధ్యలో మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మునికుమార్ మోకాళ్ళు లెక్కపెట్టాడు. ఆరుగురూ కూర్చునే ఉన్నారు. మరి, వడ్డించింది...

తడి కొంగు ఒకటి అతని భుజాన్ని రాసుకుంటూ వెళ్ళింది. ఆకుమీద రెండు చుక్కలు పడ్డాయి. ఎవరూ తల ఎత్తలేదు. అతను చెయ్యి పెట్టాడు. అందరూ ఒక్కసారిగా ముద్ద కలిపారు.

ఆ కొంగు పంక్తి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. అతని ఆకు దగ్గర ఆగింది. అడగకుండానే, రెండోసారి పప్పు పడింది.